పీబీఎస్ కలపంగనే గోల్డ్ నీలంగా మారుతుంది, 808 లేజర్‌కి వేడెక్కుతలేదు, ఏం తప్పు చేస్తున్న?

ఉప్పల్_పోరడు

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లనే ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఫైనల్ ఇయర్, ప్రాజెక్టు గోల్డ్ నానోపార్టికల్స్ మీద పడ్డది. ఇంటర్ల బైపీసీ, అప్పుడు ఇడిచిపెట్టిన ఫిజిక్స్ మళ్ల ముట్టలే, అందుకే ముందే చెప్తున్న, జర చిన్న క్లాసు పోరనికి చెప్పినట్టు చెప్పండి.

నేను చేసింది సిట్రేట్ పద్ధతి. 100 ఎంఎల్ నీళ్లల్ల 0.25 మిల్లీమోలార్ గోల్డ్ క్లోరైడ్, మంచిగ మరుగుతుండంగ 1 శాతం సిట్రేట్ 2 ఎంఎల్ ఒక్కసారే పోసిన. ముందు లేత పసుపు ఉండె, అది పోయి నీళ్ల లెక్క అయింది, ఇంకో నిమిషానికి ఇంకు కలిపినట్టు నల్లగ అయింది, ఇగ ఖరాబైందని హీటర్ బంద్ చేద్దామని చేయి పెట్టిన్నో లేదో మెల్లమెల్లగ ఎర్రబడి ఆఖరికి రూఅఫ్జా షర్బత్ లెక్క తయారైంది. ఆ రోజు ల్యాబ్‌ల అందరికీ చూపిచ్చిన, మా ఇంట్ల కూడా ఫొటో పంపిన, అమ్మ "ఇదేం బంగారం రా, ఎర్రగున్నది" అన్నది. యూవీ-విజ్‌ల (ఏ రంగు లైటుని ఎంత ఆపుతదో గీత గీసి చూపిచ్చే మిషన్) పీక్ 521 నానోమీటర్ల దగ్గర, ఓడీ (లైటు ఎంత ఆగిందో చెప్పే నంబర్) ఇంచుమించు 1.

ఇగ కష్టాలు ఇక్కడ మొదలు. దీన్ని సెల్స్ మీద వాడాలె కాబట్టి 1 ఎంఎల్ తీసుకొని 1 ఎంఎల్ పీబీఎస్ (సెల్స్‌కి వాడే ఉప్పు బఫర్ నీళ్లు) కలిపిన. కండ్ల ముందే నేరేడుపండు రంగు, తర్వాత బూడిద కలిసిన నీలం. తెల్లారి చూస్తే కింద నల్ల రవ్వ, పైన ఉత్త నీళ్లు. మూడుసార్లు చేసిన, మూడుసార్లు అదే కథ. మా గైడ్ మేడం సైజ్ పెరిగిపోయింది అంటున్నరు, నాకు అర్థం అయితలేదు, ఉప్పు నీళ్లు పోస్తే సైజ్ ఎట్ల పెరుగుతది?

రెండోది, ఎర్రగున్న మంచి శాంపిల్‌నే 808 నానోమీటర్ల లేజర్ కింద పది నిమిషాలు పెట్టిన. 27 డిగ్రీల నుంచి 28న్నరకి వచ్చి ఆగింది. పేపర్లల్ల చూస్తే గోల్డ్ పెట్టి లేజర్ కొడితే క్యాన్సర్ సెల్స్ కాలిపోతయి అని రాస్తరు, నా దాంతోని చాయ్ కూడా వెచ్చగ కాదు.

ఇంకోటి, సిగ్గిడిచి అడుగుతున్న, బంగారం పసుపు గదా, మరి ఇది ఎర్రగెందుకున్నది?


తార్నాక_డాక్టర్‌సాబ్

తమ్మీ, సైజ్ పెరగలే. పార్టికల్స్ ఒకదానికొకటి అంటుకున్నయి. రెండూ వేరే సంగతులు, మేడంకి కూడా చెప్పు, కాకపోతే మెల్లగ చెప్పు, ప్రాజెక్టు మార్కులు ఆమె చేతుల్ల ఉన్నయి.

నీ పార్టికల్ చుట్టూ సిట్రేట్ పొర ఉంటది, దానికి మైనస్ చార్జీ. అన్నిటికీ మైనసే కాబట్టి ఒకదాన్నొకటి దగ్గరికి రానియ్యవు, అందుకే రంగు నెలల తరబడి ఎర్రగ ఉంటది. ఇప్పుడు పీబీఎస్ పోసినవ్, దాంట్ల సోడియం క్లోరైడ్ 137 మిల్లీమోలార్, అంటే లీటరుకి 8 గ్రాములు. నువ్వు సగం సగం కలిపినవ్ కాబట్టి అండ్ల సగం, అది కూడా చాలు. ఆ సోడియం అయాన్లన్నీ పార్టికల్ చుట్టూ మూగుతయి. పండుగ ముందురోజు ఎంజీబీఎస్ బస్టాండ్‌ల నిలబడితే నాలుగడుగుల దూరంల ఉన్నోడు కూడా కనపడడు చూడు, మధ్యల జనం. అట్లనే ఒక పార్టికల్ చార్జీ ఇంకోదానికి కనపడకుండ పోతది. పీబీఎస్ అంత ఉప్పుల ఆ చార్జీ ప్రభావం ఒక నానోమీటర్ దూరం కూడా దాటదు. తోసేసే బలం పోయినంక ఊకె కదులుతుండే పార్టికల్స్ ఢీకొంటయి, అంత దగ్గరికి వచ్చినంక వాండర్‌వాల్స్ బలం (మరీ దగ్గరున్నయి ఒకదాన్నొకటి గుంజుకునే బలం) పట్టుకుంటది, ఇగ ఇడువది. మళ్ల ఎర్రగ చేద్దామని సోనికేటర్‌ల (సౌండ్ తరంగాలతోని కుదిపే మిషన్) పెట్టకు, మేం అందరం పెట్టినోళ్లమే, ఏం కాదు.

నువ్వు ఖరాబైంది అనుకుంటున్న ఆ రంగు మార్పునే పట్టుకొని 1996-97ల అమెరికాల మిర్కిన్ అనే కెమిస్ట్ వాళ్లు డీఎన్ఏని గుర్తుపట్టేదానికి వాడిన్రు. పార్టికల్స్‌కి చిన్న డీఎన్ఏ ముక్కలు అతికిచ్చి, జోడీ సీక్వెన్స్ దొరికితే అవన్నీ దగ్గరికొచ్చి ఎరుపు పోయి నీలం వచ్చేటట్టు. అంటే రంగు చూసుకుంటనే ఎవరు ఎవరి పక్కన ఉన్నరో చెప్పొచ్చు. కాబట్టి యూవీ-విజ్‌ని పీక్ ఎక్కడుందో చూసి మూసేసే మిషన్ లెక్క వాడకు, మొత్తం గీత చూడు. 520 దగ్గర ఎత్తు తగ్గి 600 నుంచి 700 మధ్య బుజం లేచిందా? 650 దగ్గర ఓడీని 520 ఓడీతోని భాగించి ప్రతిసారి నోట్‌బుక్‌ల రాసుకో, ఆ నంబర్ పెరుగుతుంది అంటే గుంపు కడుతున్నయి అని, కంటికి ఎర్రగ కనపడుతున్నప్పుడు కూడా ఇది ముందే చెప్తది. అట్లనే 400 దగ్గర ఓడీ చూడు, అక్కడ సైజ్‌తోని పెద్దగ సంబంధం లేకుండ మొత్తం బంగారం ఎంతుందో చెప్తది, 0.5 మిల్లీమోలార్‌కి సుమారు 1.2 వస్తది. నీది 0.25 కాబట్టి 0.6 దరిదాపుల ఉంటే నీ గోల్డ్ క్లోరైడ్ అంతా రెడ్యూస్ అయినట్టే.

మందు ఏందంటే ఉప్పు కంటే ముందు కోటు తొడగాలె. పెగ్ అని పొడుగు గొలుసు పాలిమర్ ఉంటది, ఒక చివర థయాల్ (గంధకం ఉన్న గుంపు) ఉన్నది, 5000 మాలిక్యులర్ వెయిట్ది తీసుకో. గంధకానికి బంగారం అంటే పిచ్చి, సిట్రేట్‌ని పక్కకి నూకి అదే కూసుంటది. ఎక్కువే వెయ్యి, రాత్రంతా ఉంచు, సెంట్రిఫ్యూజ్‌ల కడుగు, అప్పుడు పీబీఎస్ పొయ్యి. పెగ్ గొలుసులు బయటికి వెంట్రుకల లెక్క ఉండి చార్జీతోని పని లేకుండనే దగ్గరికి రానియ్యవు. యాంటీబాడీ కావాలంటే ఒక చివర థయాల్ ఇంకో చివర కార్బాక్సిల్ ఉన్న పెగ్ కొంచెం కలిపి, దానికి ఈడీసీ అనే అతికిచ్చే కెమికల్‌తోని అతికిచ్చుకో.

నీలమైన శాంపిల్స్ సింక్‌ల పొయ్యకు. వేరే సీసా పెట్టుకో.


బేగంబజార్_బాబు

ఆ సీసా నాకివ్వండి సార్ 😄 జోక్స్ పక్కకు, 100 ఎంఎల్‌ల ఎంత బంగారం ఉంటది?


తార్నాక_డాక్టర్‌సాబ్

5 మిల్లీగ్రాములు కూడా లేదు కాకా. గోల్డ్ క్లోరైడ్ పొడి తూకంల సగమే బంగారం, మిగిలింది క్లోరిన్, నీళ్లు. నువ్వు ముక్కుపుడక చేయించాలంటే పోరడు ఎన్ని బ్యాచులు ఖరాబు చెయ్యాల్నో లెక్క చేసుకో.


మలక్‌పేట_మాస్టారు

బాబూ, ఎరుపు ఎందుకు అన్న ప్రశ్నకి సిగ్గెందుకు. లండన్‌లో ఫారడే ఇదే ప్రశ్న పట్టుకుని కూర్చుని 1857లో పేద్ద ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన చేసిన ఎర్ర ద్రావణాల సీసాలు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. ఎరుపు రావడానికి బంగారం చాలా చిన్న చిన్న కణాలుగా ఉండటమే కారణమని ఆయన ఊహించాడు కానీ లెక్క కట్టలేకపోయాడు, ఆ లెక్క 1908లో గుస్తావ్ మీ అనే జర్మన్ భౌతికశాస్త్రవేత్త కట్టాడు, అది కూడా బంగారం ద్రావణం రంగు కోసమే.

ఇప్పుడు సంగతి. బంగారంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లుంటాయి. నీ 20 నానోమీటర్ల కణంలో సుమారు రెండున్నర లక్షల పరమాణువులుంటాయి, ఒక్కోదానికి ఒక స్వేచ్ఛా ఎలక్ట్రాన్ అనుకో. కాంతి తరంగం 500 నానోమీటర్లు, కణం 20, అంటే కణానికి కాంతి అలలాగా కనపడదు, మొత్తం ఒకేసారి అటు ఒకసారి ఇటు ఒకసారి లాగే బలంలాగా కనిపిస్తుంది. దాంతో ఎలక్ట్రాన్లన్నీ కట్టకట్టుకుని ఒక పక్కకి ఒరుగుతాయి, వెనకాల మిగిలిన ప్లస్ చార్జీ వాటిని వెనక్కి లాగుతుంది, అవి ఊగుతాయి. చిన్నప్పుడు బోరింగ్ దగ్గర్నుంచి బిందె మోసినవాళ్లకి తెలుస్తుంది, మామూలుగా నడిస్తే నీళ్లు కదులుతాయి అంతే, కానీ ఒకానొక నడక వేగంలో మన అడుగూ నీళ్ల ఊపూ కలిసిపోయి భుజం మీద దబ్బున చిందుతాయి. బిందెకొక వేగం ఉంటుంది. బంగారు కణానికి కూడా ఒక వేగం ఉంది, నీళ్లలో ఉన్న చిన్న గుండ్రటి కణానికి అది 520 నానోమీటర్ల కాంతి, అంటే ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చని కణం మింగేస్తుంది, మిగిలిన ఎరుపు నీ కంటికి చేరుతుంది. దీన్నే సర్ఫేస్ ప్లాస్మాన్ రెజొనెన్స్ అంటారు, పేరు చూసి భయపడక్కర్లేదు. వెండితో చేస్తే ఆ వేగం 400 దగ్గర, కాబట్టి వెండి ద్రావణం పసుప్పచ్చగా ఉంటుంది. మీ అమ్మగారికి ఇది కూడా చెప్పు, బంగారం ఎర్రగా వెండి పచ్చగా ఉండే లోకం ఒకటుందని.

నగల బంగారం పసుపు వేరే లెక్క, అక్కడ లోహం నీలం రంగుని పీల్చుకుని మిగతాదాన్ని తిప్పికొడుతుంది. నీ కణాల్లో కూడా ఆ నీలం పీల్చుకోవడం ఉంటుంది, డాక్టర్‌సాబ్ గారు 400 దగ్గర చూడమన్నది దాన్నే.

ఇక నీలం ఎందుకయింది? రెండు కణాలు ఆనుకుని ఉన్నాయనుకో. ఒకదాని ప్లస్ కొస ఎదురుగా రెండోదాని మైనస్ కొస వస్తుంది. ఒకదాన్నొకటి లాక్కుంటాయి, అంటే ఎలక్ట్రాన్లని వాటి సొంత ఇంటికి వెనక్కి లాగే బలం తగ్గింది, ఊపు నిదానించింది. నిదానం ఊపు అంటే పొడుగు తరంగం. ఇప్పుడు అది 600 పైన ఎరుపుని మింగుతోంది, నీకు నీలం మిగిలింది. సైజు వల్లే ఇంత మార్పు రావాలంటే కష్టం, 100 నానోమీటర్ల కణానికి కూడా పీక్ 570 చుట్టుపక్కలే. అందుకే మీ మేడం మాటతో నాకూ పేచీ.

ఇంకొకటి తప్పకుండా తెలుసుకో, బయాలజీ వాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. కణం కాంతిని రెండు రకాలుగా తీసేస్తుంది, కొంత మింగి వేడిగా మారుస్తుంది, కొంత పక్కలకి చిమ్ముతుంది. మింగడం ఘనపరిమాణంతో పెరుగుతుంది, చిమ్మడం ఘనపరిమాణం వర్గంతో. వ్యాసం రెట్టింపయితే మింగుడు 8 రెట్లు, చిమ్ముడు 64 రెట్లు. కాబట్టి 20 నానోమీటర్ల కణం దాదాపు మొత్తం మింగేదే, 80కి వచ్చేసరికి రెండూ ఇంచుమించు సమానం, 100కి వచ్చేసరికి చిమ్మేదే ఎక్కువ. వేడి కావాలా, మైక్రోస్కోపులో వెలుగు చుక్కలు కావాలా అన్నదాన్ని బట్టి సైజు ఎంచుకోవాలి. డార్క్‌ఫీల్డ్‌లో (చిమ్మిన వెలుగు మాత్రమే నల్లటి తెర మీద చూపించే మైక్రోస్కోపు పద్ధతి) సెల్స్ మీద కణాలు మెరవాలంటే 20 సరిపోదు, 60 పైన వెళ్లు. పెద్ద కణాల సీసాని కిటికీకి అడ్డంగా పెట్టి చూస్తే ఒక రంగు, పక్కనుంచి చూస్తే మట్టి రంగు కనపడుతుంది, నీ కళ్లతోనే తేడా తెలుస్తుంది. బ్రిటిష్ మ్యూజియంలో లైకర్గస్ కప్పు అని నాలుగో శతాబ్దం రోమన్ గాజు పాత్ర ఉంది, ముందునుంచి వెలుగు పడితే ఆకుపచ్చ, లోపల దీపం పెడితే ఎరుపు. గాజులో బంగారం, వెండి కలిసిన నానో కణాలున్నాయి, చేసినవాళ్లకి తెలిసి చేశారో చెయ్యి జారి పడిందో మరి. ఇది విని లాడ్ బజార్‌లో ఎర్ర గాజులన్నీ బంగారమే అని ఎగబడొద్దు, గాజుకి ఎరుపు తెచ్చే దారులు ఇంకా చాలా ఉన్నాయి.


స్ట్రిప్పులక్క

తమ్ముడూ నేను ర్యాపిడ్ టెస్ట్ స్ట్రిప్పులు చేసే చోట పనిచేస్తా, పదేళ్లుగా నా చేతులకి ఇదే ఎరుపు. ప్రెగ్నెన్సీ కిట్లో, కోవిడ్ కిట్లలో చాలావాటిలో కనపడే ఆ ఎర్ర గీత నీ సీసాలో ఉన్నదే. మేం ఎక్కువగా 40 నానోమీటర్లది వాడతాం, 20తో గీత వెలవెలబోతుంది, మరీ పెద్దదైతే స్ట్రిప్పులో సరిగా పారదు, అడుగున కూర్చుంటుంది. నీ రెసిపీలోనే సిట్రేట్ 2 ఎంఎల్ బదులు 1 ఎంఎల్ వేస్తే 40 దగ్గరకొస్తుంది, సిట్రేట్ తగ్గితే సైజు పెరుగుతుంది, ఇది 1973లో ఫ్రెన్స్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన లెక్క, ఇప్పటికీ అదే నడుస్తోంది.

డాక్టర్‌సాబ్ గారు పెగ్ అన్నారు, తప్పని అనను కానీ డబ్బులు. మేం పెగ్గూ గిగ్గూ లేకుండా యాంటీబాడీని నేరుగా అంటించేస్తాం. కిటుకు పీహెచ్‌లో ఉంది, యాంటీబాడీకి నికర చార్జీ సున్నా అయ్యే పీహెచ్ దగ్గర, లేదా దానికి కాస్త పైన, పొటాషియం కార్బొనేట్‌తో సరిచేసుకోవాలి, మా వాటిలో చాలావాటికి 8.5, 9 మధ్య. పీహెచ్ మీటర్ ఎలక్ట్రోడ్‌ని మాత్రం ఉత్త గోల్డ్‌లో ముంచకు, బంగారం దాని మూతికి పట్టేసి మీటర్ చచ్చిపోతుంది, పీహెచ్ పేపర్ వాడు.

యాంటీబాడీ ఎంత వెయ్యాలో ఇలా చూడు. పది చిన్న ట్యూబులు, అన్నిట్లో అంతే గోల్డ్, యాంటీబాడీ మాత్రం సున్నా నుంచి పెంచుకుంటూ పో. పది నిమిషాలాగి అన్నిట్లో 10 శాతం ఉప్పు నీళ్లు పొయ్యి. మొదటి ట్యూబులు నీలమైపోతాయి, మధ్యలో ఊదా, ఒక దగ్గర్నుంచి ఎర్రగా నిలబడతాయి. ఎర్రగా నిలబడ్డ మొదటి ట్యూబే నీ కొలత, దానికి ఇంకొంచెం కలిపి వాడుకో. నువ్వు మూడుసార్లు ఏడ్చిన ఆ నీలమే మాకు రోజూ కొలబద్ద. తర్వాత 1 శాతం బీఎస్ఏతో (ఆవు సీరంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) ఖాళీలు మూసెయ్యి. పీక్ 521 నుంచి 524, 525కి జరిగితే ఖుషీ అవ్వు, పైన ప్రోటీన్ ఎక్కిందని అర్థం. పీక్ అక్కడే ఉండి తోక మాత్రం లావయితే ఏడువు.

సెంట్రిఫ్యూజ్‌లో స్పీడు మరీ ఎక్కువ పెడతారు కొత్తవాళ్లు. కింద ఎర్రటి నూనె బొట్టులా కదిలే పెల్లెట్ రావాలి, గోడకి నల్లగా అతుక్కుంటే ఆ బ్యాచ్ గోవిందా.

నీళ్ల సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మేం ఒకసారి ఒకే వారంలో వరసగా నాలుగు బ్యాచులు పోగొట్టుకున్నాం, ఊదా ఊదా ఊదా. గోల్డ్ క్లోరైడ్ మార్చాం సిట్రేట్ మార్చాం, ఒకళ్లనొకళ్లం తిట్టుకున్నాం. చివరికి చూస్తే ఫ్లాస్కులు ఆఖరి కడుగుడు బోరు నీళ్లతో అవుతోంది. మన సిటీ బోరు నీళ్లు తెలుసుగా, గీజర్లో రాయి కడతాయి, ఆ కాల్షియం ఒకదానికి రెండు ప్లస్సులు, సోడియం కంటే ఎంతో తక్కువతోనే గోల్డ్‌ని గుంపు కట్టిస్తుంది. అప్పట్నుంచి ప్రతి ఫ్లాస్కూ ఆక్వా రెజియాతో (బంగారాన్ని కూడా కరిగించే ఆమ్లాల మిశ్రమం), ఆ తర్వాత మిల్లీక్యూ నీళ్లతో (ల్యాబ్‌లో బాగా శుద్ధి చేసినవి) పదిసార్లు. ఆక్వా రెజియా ఫ్యూమ్‌హుడ్‌లోనే చెయ్యి, మిగిలింది మూత బిగించి దాచకు, గ్యాస్ పట్టి సీసా పేలుతుంది. గోల్డ్ క్లోరైడ్ తూచేటప్పుడు స్టీలు స్పాచులా కూడా వద్దు, దాన్ని తినేస్తుంది, ప్లాస్టిక్‌ది వాడు.


తార్నాక_డాక్టర్‌సాబ్

అక్క చెప్పింది స్ట్రిప్పుకి సోలానా కరెక్టు. కానీ ఈ తమ్ముడు సెల్స్ మీద, సీరం ఉన్న మీడియంల పొయ్యాలె. అక్కడ ఉత్తగ అంటుకున్న యాంటీబాడీని సీరం ప్రోటీన్లు మెల్లగ నూకేసి అవి ఎక్కి కూసుంటయి, ఆఖరికి సెల్‌కి కనపడేది నీ యాంటీబాడీ కాదు, ఆల్బుమిన్ అంగీ. స్ట్రిప్పుల పని పదిహేను నిమిషాలే, సెల్స్‌ల 24 గంటలు. అందుకే పెగ్ అన్న.


స్ట్రిప్పులక్క

సరే సెల్స్‌కి మీదే గెలుపు. ఉప్పు టెస్ట్ మాత్రం రెండింటికీ చెయ్యమనండి.


బేగంబజార్_బాబు

చిన్న డౌట్. స్వర్ణభస్మం మా తాత రోజు తేనెల కలుపుకొని తిన్నడు, తొంభై దాటి బతికిండు. అంటే నానో గోల్డ్ ఒంటికి మంచిదే గదా?


మలక్‌పేట_మాస్టారు

మీ తాతగారి ఆయుష్షుకి ఎన్ని కారణాలో బాబూ, ఒక్క తేనెకే రాసిచ్చేస్తే ఎలా. పుటం పెట్టిన పొడి వేరు, సీసాలో విడివిడిగా తేలుతున్న 20 నానోమీటర్ల కణం వేరు, పైన పూత వేరు, నోట్లోకి పోవడం వేరు, నరంలోకి ఎక్కించడం వేరు. నరంలోకి పోయినవాటిని ఎక్కువగా లివరూ స్ప్లీనూ పట్టి దాచుకుంటాయి, కిడ్నీ గుండా బయటికి పోవాలంటే పూతతో కలిపి సుమారు 6 నానోమీటర్ల లోపుండాలి. మా తాత తిన్నాడు అన్నది డేటా కాదు.


లేజర్_లింగంపల్లి

నీ లేజర్ ముచ్చట ఎవరూ ముట్టలే కాబట్టి నేను చెప్తా. నీ లేజర్ బాగనే ఉంది, గోల్డ్ బాగనే ఉంది, ఇద్దరికీ పరిచయమే లేదు. యూవీ-విజ్ ప్రింటవుట్ తీసి 808 దగ్గర వేలు పెట్టు, గీత నేల మీద పడుకొని ఉంటది. మాస్టారు చెప్పిన బిందె లెక్కనే, వేగం కలవనప్పుడు ఊగదు, ఊగకపోతే వేడి లేదు. ఆ ఒకటిన్నర డిగ్రీ కూడా నీది కాదనుకుంటా, నీళ్లు కూడా 808ని కొంచెం పీలుస్తయి. ఉత్త నీళ్లు అదే ట్యూబ్‌ల పెట్టి అదే పది నిమిషాలు కొట్టి చూడు, ఇట్ల పోల్చి చూసే కంట్రోల్ లేకుండ ఫొటోథర్మల్ (లైటుతోని వేడి పుట్టిచ్చుడు) అని రాసేటోళ్లు చాలామంది ఉన్నరు, నువ్వు వాళ్లల్ల కలవకు.

మరి 520 లేజర్ కొట్టొచ్చు గదా అంటవ్. ట్యూబ్‌ల అయితే కొట్టు, జోర్దార్ వేడెక్కుతది. ఒంట్లకి పోదు. రాత్రి కరెంటు పోయినప్పుడు సెల్‌ఫోన్ టార్చ్ మీద వేలు పెట్టి చూడు, తెల్ల లైట్ల నుంచి ఎరుపొక్కటే అవతలికి వస్తది, ఆకుపచ్చా నీలం రక్తంల హిమోగ్లోబిన్ మింగింది. అటు 900 దాటి చాలా దూరం పోతే నీళ్లు మింగుడు పెరుగుతది. మధ్యల 650 నుంచి 900 దాకా ఒక కిటికీ ఉంది, అక్కడ లైటు కండల్ల సెంటీమీటర్ల లోతుకు దిగుతది. 808 లేజర్లు అందరి దగ్గర ఎందుకుంటయంటే ఇదే.

కాబట్టి గోల్డ్‌నే ఆ కిటికీలకి జరపాలె, దానికి షేప్ మార్చాలె. గుండ్రంగ కాకుండ కడ్డీ లెక్క చేస్తే ఎలక్ట్రాన్లు అడ్డంగ ఊగితే 510, 520 దగ్గర ఒక చిన్న పీక్, పొడుగ్గ ఊగితే దూరంల పెద్ద పీక్. పొడుగు వెడల్పుకి సుమారు నాలుగు రెట్లుంటే ఆ పెద్ద పీక్ 800 దగ్గర పడుతది. సన్నగ పొడుగ్గ చేస్తే ఇంకా అటు, పొట్టిగ చేస్తే ఇటు. రెసిపీ 2003ల నికూబఖ్త్, ఎల్-సయ్యద్ వాళ్లది చూడు, ముందు విత్తనాల లెక్క చిన్న బంగారు కణాలు, తర్వాత సీటాబ్, సిల్వర్ నైట్రేట్, ఆస్కార్బిక్ యాసిడ్ ఉన్న ద్రావణంల పెంచుడు. విత్తనం వెయ్యక ముందు ద్రావణం రంగు లేకుండ ఉండాలె, పసుపుంటే ఆస్కార్బిక్ సరిపోలేదు.

సీటాబ్ గురించి రెండు మాటలు, ఎందుకంటే నేను ఒక సెమిస్టర్ దీనికి సమర్పించిన. అది సబ్బు, సెల్స్‌ని చంపుతది. నీ కడ్డీలు చంపినయో సీటాబ్ చంపిందో తెల్వకుండ కన్‌ఫోకల్ మైక్రోస్కోప్ ఇమేజులు తీసి మురిసిపోయిన నేను, మా సీనియర్ వచ్చి లేజర్ కొట్టని ప్లేట్ ఎక్కడ అని అడిగే దాకా. రెండుసార్లు కడుగు, పెగ్ తొడుగు, మళ్ల కడుగు, లేజర్ లేకుండ కడ్డీలతోని ఒక ప్లేట్, కడ్డీలు లేకుండ లేజర్‌తోని ఒక ప్లేట్ పెట్టు. మరీ ఎక్కువ కడిగినా సీటాబ్ పోయి పెగ్ రాక మధ్యల గుంపు కడతయి, రెండు వైపులా గొయ్యి.

ఇంకో దారి షెల్స్, అంటే పైన బంగారం పెంకు ఉన్న గోళీలు. లోపల 120 నానోమీటర్ల సిలికా గోళీ, పైన 15 నానోమీటర్ల బంగారం పొర, పీక్ 800 దగ్గరికి వస్తది. రైస్ యూనివర్సిటీల నవోమి హాలస్ వాళ్లు మొదలుపెట్టిన్రు, అమెరికాల ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్న 16 మంది మీద చేసిన చిన్న ట్రయల్ 2019ల అచ్చయింది. అంటే ఇది పేపర్ల ముచ్చటే కాదు, మనుషుల దాకా పోయింది. కానీ షెల్స్ చేసుడు ఎమ్మెస్సీ ప్రాజెక్టు టైంల అయ్యే పని కాదు, కడ్డీలే పట్టుకో.

పల్స్ లేజర్ (ఆగి ఆగి జోరుగ కొట్టేది) దొరికింది గదా అని కొట్టకు. కడ్డీలు కరిగి గుండ్లయిపోతయి, నీ 800 పీక్ కూలి 520 లేస్తది. మామూలు నిరంతర 808 చాలు. కళ్లద్దాలు పెట్టుకో, 808 కంటికి సరిగ కనపడదు, కనపడట్లేదని లేజర్ ఆగలేదు. చేతి గడియారం, ఉంగరం తీసి పక్కన పెట్టు.


ఉప్పల్_పోరడు

అన్నా అక్కా మాస్టారూ అందరికీ దండాలు. పన్నెండు రోజులైంది, చేసి వచ్చి చెప్దామని ఆగిన.

మూడు ట్యూబులు పెట్టిన. ఉత్త గోల్డ్, బీఎస్ఏ వేసింది, పెగ్ తొడిగింది. మూడిట్లా పీబీఎస్ పోసిన. మొదటిది ఎప్పటి లెక్కనే నీలం. బీఎస్ఏది ఎర్రగ నిలబడ్డది, పీక్ 525. పెగ్‌ది 523, మూడు రోజులు ఫ్రిజ్‌ల పెట్టి తీసినా 650ని 520తో భాగిస్తే వచ్చే నంబర్ మారలే. మూడూ పక్కపక్కన పెట్టి మేడంకి చూపిచ్చిన, ఏం మాట్లాడకుండ ఫొటో తీసుకున్నరు, తెల్లారి జూనియర్ల క్లాసుల చూపిచ్చిన్రంట.

నీళ్ల కంట్రోల్ కూడా పెట్టిన. 27 నుంచి 28.3. అంటే నా గోల్డ్ పది నిమిషాలల్ల చేసిన పని సున్నా పాయింట్ రెండు డిగ్రీ 😭

అన్నట్టు ఒక ఫ్లోరసెంట్ డై కూడా నేరుగ గోల్డ్‌కి అంటిచ్చిన, మైక్రోస్కోప్‌ల ఏం కనపడలే, డై ఖరాబైందా?

ఇంకో ముఖ్యమైనది. కడ్డీలు మొదలుపెట్టిన, గ్రోత్ సొల్యూషన్ కలిపి చాయ్ తాగొద్దామని పోయి వచ్చేసరికి సీసాల తెల్లగ మంచు ముక్కలు కట్టినట్టయింది. మా ల్యాబ్ ఏసీ 20ల ఉంటది, ఎవరూ పెంచనియ్యరు.


తార్నాక_డాక్టర్‌సాబ్

డై ఖరాబు కాలే. బంగారానికి ఆనుకొని ఉంటే డై వెలుగుని బంగారం గుంజుకుంటది, ఆరిపోతది. మధ్యల పెగ్ పెట్టి ఎడం చెయ్యి, లేకపోతే డై మొత్తానికే వద్దు, 60 సైజ్ గోల్డ్ చేసి డార్క్‌ఫీల్డ్‌ల చూడు, గోల్డ్ తనంతట తనే మెరుస్తది, డై లెక్క వెలిసిపోదు కూడా. ఇంకోటి, టీఈఎంకి (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) పంపినప్పుడు పార్టికల్స్ పక్కపక్కన కనపడితే గాబరా పడకు, గ్రిడ్ మీద చుక్క ఆరేటప్పుడు అవే దగ్గరికి జరుగుతయి. సీసాల సంగతి యూవీ-విజ్‌నే అడుగు.


లేజర్_లింగంపల్లి

ఆ తెల్లది సీటాబే, చలికి గడ్డకట్టింది, 25 కిందికి పోతే అంతే. ఏసీ కోసం కొట్లాడకు, సీసాని 28, 30ల వాటర్‌బాత్‌ల పెట్టు, తేటగ అయినంక విత్తనం వెయ్యి, రెండుసార్లు మెల్లగ తిప్పు, తర్వాత రాత్రంతా ముట్టకు. పొద్దున గోధుమ రంగు కలిసిన ఎరుపు ఉంటే ముందు 808 దగ్గర చూడు, 520 కాదు.


ఉప్పల్_పోరడు

పెట్టిన అన్నా. వాటర్‌బాత్ మీద "ముట్టకండి, బంగారం" అని కాగితం అతికిచ్చిన, ఇప్పుడు వచ్చినోళ్లందరూ మూత తీసి చూస్తున్నరు.